నా వెనక వచ్చే పాట

లోపల మిషను గుయ్యిమంటూనే ఉంది, అది ఆగితే గాని నా చావు పాట సంగతి తేలదు. అందాకా ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. కూర్చోవడం నాకు కొత్తేమీ కాదు, నలభై రెండేళ్ళు కుట్టు మిషను ముందు కూర్చున్నదాన్ని. కాకపోతే అక్కడ కాళ్ళకి పని ఉండేది, ఇక్కడ ఊరికే వేలాడుతున్నాయి. వేలాడటంలోనూ తేడా ఉంది, కుడిది నేలకి ఆనుతుంది, ఎడమది ఆనదు, పుట్టుకతోనే రెండు వేళ్ళ వెడల్పు పొట్టి అది. ఎదురుగా పళ్ళ డాక్టరమ్మ గది తలుపు. దాని మీద నవ్వుతున్న పన్ను బొమ్మ వేశారు, పన్నుకి కళ్ళు పెట్టి, నోరు పెట్టి, ఆ నోట్లో మళ్ళీ పళ్ళు పెట్టారు. ఆ పళ్ళకి నొప్పి వస్తే అది ఎవరి దగ్గరికి వెళ్తుందో పాపం. ఆ తలుపు వెనకాలే మా మరిది ఉన్నాడు, మా ఆయన తమ్ముడు, డెబ్బై ఆరేళ్ళ మనిషి, పై వరుసలో ముందు పళ్ళు ఆరు పెట్టించుకుంటున్నాడు. తినడానికే అనుకుంటున్నాడు. తినడానికి కాదు. క్లారినెట్ ఊదాలంటే పై పళ్ళు దాని మూతి మీద గట్టిగా ఆనాలి, ఆనకపోతే గాలంతా పక్కలకి పోయి బుస్సుమంటుంది తప్ప పాట రాదు. ఆ క్లారినెట్ ఇప్పుడు నా కుర్చీ కింద గుడ్డ సంచిలో ఉంది, మీద పాత తువ్వాలు కప్పి తెచ్చాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు పళ్ళ డాక్టరు దగ్గరికి బాజా తెచ్చిందని ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ. నేను పోయిన రోజు నా ముందో వెనకో ఆ క్లారినెట్ మోగాలి, మా మరిదే ఊదాలి. ఎవరు ఊదాలో తేల్చేశాను. ఏం ఊదాలో తేల్చలేదు. గంట పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఈ గంటలో అది కూడా తేల్చేస్తాను.

మా మరిదిని ఇక్కడికి తీసుకురావడం మామూలు విషయం కాదు. ఆరేళ్ళుగా ముందు పళ్ళు లేకుండా, మీసం కిందకి పెంచి, మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుని తిరుగుతున్నాడు. పళ్ళు పెట్టించుకోవయ్యా అంటే, "ఎవరికి చూపించాలి వదినా, పెళ్ళిచూపులకి వెళ్ళాలా" అంటాడు. అందుకని ఈసారి పక్కదారి పట్టాను. నమల్లేక చిక్కిపోతున్నావు, నీ బుగ్గలు చూస్తే దిండులో దూది తీసేసినట్టున్నాయి, రేపు నువ్వు నాకంటే ముందు పోతే నన్ను మోసే నలుగురిలో ఒకడు తగ్గుతాడు అన్నాను. ఆ మాటకి వచ్చాడు. డాక్టరమ్మకి మాత్రం అసలు సంగతి మొదటి రోజే చెవిలో చెప్పాను. ఆవిడ చాలా మంచిది, పడుచుదే అయినా పెద్దవాళ్ళ మాట సగంలో తెంచదు. అంతా విని, "అయితే ఆ ఊదే మూతి తీసుకురండి అమ్మా, దానికి సరిపోయేలా చూసుకుంటా" అంది. తెచ్చిచ్చాను. నల్లటి మూతి, ఏళ్ళ తరబడి మా మరిది పళ్ళు ఆనీ ఆనీ దాని మీద రెండు గుంటలు పడ్డాయి. ఆవిడ ఆ గుంటల్ని వేలితో తడిమి చూసి, "ఇదే చాలు, దీన్ని చూస్తే ఆయన పాత పళ్ళు ఎలా ఉండేవో తెలిసిపోతోంది" అంది. నాకు ఆ రోజు ఇంటికెళ్ళి కంటి నిండా నిద్రపట్టింది. కొలత పట్టే మనిషిని నేను గుర్తుపడతాను. ఇక ఇవాళ పళ్ళు బిగించాక ఆ మూతిని ఆయన చేతిలో పెడుతుంది. అప్పుడు అరుస్తాడో, లేచి వెళ్ళిపోతాడో, ఊదుతాడో. అది వినడానికే చెవి అటు పెట్టుకుని కూర్చున్నాను.

పక్క కుర్చీలో ఒకాయన ఉన్నాడు, కుడి బుగ్గ బూరెలా పొంగి ఉంది, నోట్లో దూది కుక్కారు. నాకు ఇలాంటివాళ్ళంటే ఇష్టం, ఎంత చెప్పినా మధ్యలో అడ్డురారు. మీరు దేనికొచ్చారని చేత్తో అడిగాడు. నా చావుకి పాట కోసం వచ్చానని చెప్పాను. ఆయన ఒకసారి తలుపు మీద ఉన్న బోర్డు చదువుకుని, మళ్ళీ నా వైపు చూసి, కుర్చీ కొంచెం అటు జరుపుకున్నాడు. జరిగినా వినపడుతుంది లెండి అన్నాను. మా అబ్బాయి కూడా ఇంతే, బస్సుల డిపోలో ఇంజిన్లు విప్పి పరిచేస్తాడు గాని చావు అన్న మాట వింటే చేతిలో పానా జారిపోతుంది. "ఇప్పుడా మాటలెందుకమ్మా, నిక్షేపంలా ఉన్నావు" అంటాడు. నిక్షేపంలా ఉన్నప్పుడే చెప్పాలిరా, పోయాక చెప్తే వింటావా అంటే, "సరే, ఏదో ఒక మంచి పాట స్పీకర్లో పెట్టిస్తాలే" అని ఒప్పుకున్నట్టు ముఖం పెడతాడు. స్పీకరు నాకు వద్దు. ఆ పాట పాడినవాడెవడో, ఎప్పుడు పాడాడో, నేనెవరో వాడికి తెలియదు, వాడెవడో నాకు తెలియదు. పైగా మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తారు. మనవరాలైతే, "నానమ్మా, ఇందులో కోటి పాటలున్నాయి, నువ్వు రాగం తియ్యి చాలు, అదే వెతికి పెడుతుంది" అని ఫోను నా మూతి దగ్గర పెట్టింది. తీశాను. ఫోను కాసేపు గిరగిరా తిరిగి ఆలోచించి ఏదో సబ్బు ప్రకటన వినిపించింది. పిల్ల మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. నేనూ నవ్వాను గాని లోపల గర్వంగానే ఉంది, కోటి పాటల్లో నాది లేదన్నమాట. లేకపోవడమే న్యాయం. అది మా వీధిలో పుట్టింది, మా ఇంట్లో పెరిగింది, కాగితం మీదకి ఎక్కలేదు, ఇప్పుడు మా మరిది ఊపిరిలో తప్ప ఇంకెక్కడా లేదు. కాని ఆ పాటే కావాలని నేను ఇంకా అనలేదు. అది ఒకసారి మధ్యలో ఆగిపోయిన పాట. అచ్చిరాని పాట అని మా అబ్బాయి అంటాడు. దాన్ని అట్టే పెట్టి మిగతావి చూద్దాం.

మిగతావి అంటే బ్యాండు పాటలు. మొత్తం పదకొండే ఉండేవి. తొమ్మిది మంది మనుషులు, పదకొండు పాటలు, వాటితోనే పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ గడిపేశారు. మా ఆయన పెద్ద డ్రమ్ము, మా మరిది క్లారినెట్, ముందు ట్రంపెట్లు, పక్కన తాళాలు. వేగంగా కొడితే పెళ్ళి, నెమ్మదిగా కొడితే చావు, పాట మాత్రం ఒకటే. జనానికి ఎప్పుడూ అనుమానం రాలేదు, పెళ్ళిలో విన్నది చావులో విని ఎక్కడో విన్నట్టుందే అని ఏడ్చేవాళ్ళు. వాళ్ళ కోట్లు కుట్టింది నేను. మొదట్లో పెళ్ళికి ఎర్రవి, చావుకి నల్లవి అని విడివిడిగా ఉండేవి, తొమ్మిది మందికి పద్దెనిమిది కోట్లు ఉతకలేక నా నడుము విరిగేది, అప్పుడు ఒక ఆలోచన తట్టి, ఒకే కోటు రెండు వైపులా వేసుకునేలా కుట్టాను, బయట ఎరుపు, తిరగేస్తే నలుపు, రెండు వైపులా ఇత్తడి గుండీలు. మా కుట్టు దుకాణం యజమానురాలు చూసి, నీకు చదువు ఉండుంటే ఎంత పని చేసేదానివో అంది. చదువుంటే కోట్లు కుట్టేదాన్నే కాదు కదా అన్నాను. దాంతో బ్యాండు వాళ్ళకి కొత్త అలవాటొకటి వచ్చింది, వేగం ఎంతని అడగరు, తమ కోటు చేతి వైపు చూసుకుంటారు. ఎర్రగా కనిపిస్తే గబగబా, నల్లగా కనిపిస్తే మెల్లగా. మాటలు కూడా అలాగే తయారయ్యాయి, ఇవాళ ఎర్రగానా నల్లగానా అనుకునేవాళ్ళు. ఒక రోజు పొద్దున కలప డిపో యజమాని పోయాడని కబురొచ్చింది. గబగబా ఇస్త్రీ చేసి కోట్లు తిరగేసి పంపాను, ఎనిమిది తిరగేశాను, తొమ్మిదోది పొయ్యి మీద ఏదో పొంగితే మధ్యలో వదిలేసి వెళ్ళి, వచ్చి, అయిపోయిందనుకుని మడతపెట్టేశాను. ఆ తొమ్మిదోది మా ఆయనది. పెద్ద డ్రమ్ము ఎప్పుడూ అందరికంటే వెనక ఉంటుంది, ఎవరూ చూడలేదు. మా ఆయన డ్రమ్ము తగిలించుకుని, అలవాటు ప్రకారం తన చేతి వైపు చూసుకున్నాడు, ఎరుపు. కొట్టాడు. డ్రమ్ము ఎటు పోతే బ్యాండంతా అటే, బ్యాండు ఎటు పోతే మోసేవాళ్ళ కాళ్ళూ అటే. మొదట పాదాలు తడబడ్డాయట, తర్వాత కుదురుకున్నాయట, ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదట. లావుపాటి బంధువులు రొప్పుకుంటూ వెనకబడిపోయారట. మా ఆయన ఇంటికొచ్చి కోటు విప్పి నా ముందు పరిచి, వేలితో ఎరుపు చూపించాడు. మర్నాడు ఆ డిపో యజమాని భార్య మా గుమ్మంలో నిలబడి, "ఆ కోటు కుట్టింది ఎవరు" అని అడిగింది. నేనేనమ్మా అన్నాను, తల ఎత్తకుండా. ఆవిడ, "నలభై ఏళ్ళలో మా ఆయన ఎక్కడికీ టైముకి చేరలేదమ్మా. నిన్న ఒక్కరోజే అరగంట ముందు చేరాడు" అని నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూ నవ్వుతూ నా భుజం పట్టుకుని ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. మంచినీళ్ళు ఇచ్చాను. అప్పటి నుంచి నాకు ఒక సంగతి రూఢి అయింది, మెల్లగా వాయించినంత మాత్రాన అది చావు పాట అయిపోదు, ఆ పోయే మనిషికి సరిపోవాలి.

ఇదంతా చెప్తుంటే బుగ్గాయన నవ్వబోయి దూది నోట్లోంచి జారి, చేత్తో పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నొప్పికో నవ్వుకో. లోపల మిషను ఆగింది. మళ్ళీ మొదలైంది. సరే.

మా ఆయన పోయినప్పుడు మాత్రం అన్ని కోట్లూ నల్లగానే తిరగేశాను, ఒక్కొక్కటీ రెండుసార్లు చూసి, ఎనిమిదే. తొమ్మిదో కోటు ఆయనకే తొడిగాను, ఏ వైపు తొడిగానో ఎవరికీ చెప్పలేదు, పైన దుప్పటి కప్పాక ఎవరికి తెలుస్తుంది. డ్రమ్ము కొట్టేవాడు లేడు, కాబట్టి మా మరిదే ముందు నడిచాడు, క్లారినెట్ ఒక్కటే దారి చూపించాలి. నాలుగు వీధులు బాగానే వచ్చింది. పోస్టాఫీసు మలుపు దగ్గర పాట పైకి ఎక్కే చోట, ఒక్కసారి బుస్సుమంది. ఆగింది. అంతే, ఇక లేదు. ట్రంపెట్లు కాసేపు తడుముకుని అవీ ఆగిపోయాయి. మిగతా దారంతా చెప్పుల చప్పుడుతోనే వెళ్ళాం. నేను వెనకాల కుంటుకుంటూ, ఆ చప్పుళ్ళన్నిటిలో నా కాళ్ళ చప్పుడు ఒక్కటే తేడాగా వినపడుతూ. తర్వాత తెలిసింది, మా మరిదికి ముందు పన్ను ఆర్నెల్లుగా కదులుతోందట, చెప్తే బ్యాండులోంచి తీసేస్తారని దాచాడట, నాలుకతో అదిమి పెట్టి ఊదుతూ వచ్చాడట. అన్న కోసం ఊదిన ఆ పై స్వరానికి అది ఊడిపోయింది, పక్కవి ఐదూ ఆ ఏడాదే దాని వెంట పోయాయి. ఆ సాయంత్రం క్లారినెట్ పెట్టె తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి, "నువ్వే ఉంచు వదినా, నాకు చూపించకు" అన్నాడు. అన్నని సగం దారిలో వదిలేశానని ఆయన బాధ. ఆరేళ్ళు దాన్ని నేనే చూసుకున్నాను, నెలకోసారి తీసి తుడిచాను, అతుకుల దగ్గర వదులైతే కుట్టు దారం చుట్టి మైనం రాశాను, ఊదడం రాదు గాని దారం చుట్టడం నాకు రాకపోతే ఇంకెవరికొస్తుంది. మొన్న ఈ చావు మాట ఎత్తినప్పుడు ఆయన ముఖం పక్కకి తిప్పుకుని, "నీకు మాత్రం నేను వాయించను వదినా, ఇంకెవరినైనా చూసుకో" అన్నాడు. చూసుకుంటానని అన్నాను. చూసుకుంటున్నాను. ఈ తలుపునే చూస్తున్నాను.

ఆగిపోయిన ఆ పాటని బ్యాండులో 'వదిన' అనేవాళ్ళు. పదకొండు పాటల్లో ఏడోది. "వదిన అందుకోండి" అని బ్యాండు మాస్టరు అరిస్తే, వాళ్ళ సాధన గది గోడకి ఇవతల, కుట్టు దుకాణంలో మిషను మీద నేను నాలుక కరుచుకునేదాన్ని. అది పుట్టిన రోజు నాకు నిన్నటిలా ఉంది. నాకు పందొమ్మిది, కుట్టు దుకాణంలో చేరి నెల కాలేదు, గుండీల పొట్లం చేత పట్టుకుని వీధి మధ్యలో పోతున్నాను, వెనకాల బ్యాండు వాళ్ళు నడకకి సాధన చేస్తూ వస్తున్నారు. ఉన్నట్టుండి పెద్ద డ్రమ్ము నా కాళ్ళతో పాటు పడటం మొదలైంది. కుడి కాలు పడితే ధమ్మని, ఎడమ కాలు పడితే తగ్గించి తమ్మని, మధ్యలో నా తుంటి ఎగిరే జాగా కూడా వదలకుండా. నేను ఆగితే ఆగుతుంది. నడిస్తే నడుస్తుంది. మూడుసార్లు అయింది. అంతవరకూ నా నడకని చూసి నవ్వినవాళ్ళున్నారు, జాలిపడినవాళ్ళున్నారు, దాన్ని తాళం కింద లెక్కగట్టినవాడు మాత్రం వాడొక్కడే. కాని ఆ రోజు అదంతా ఎక్కడ తెలుసు, ఒళ్ళు మండిపోయింది. గిర్రున వెనక్కి తిరిగి, "నీ డ్రమ్ముకి చిల్లుపడ, నీ కాళ్ళు కూడా ఇలాగే అవ్వ" అని వీధంతా వినేలా తిట్టాను. డ్రమ్మువాడు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. పక్కనున్న వాళ్ళ తమ్ముడు నవ్వు ఆపుకోలేక, ఆ నవ్వు నాకు కనపడకూడదని క్లారినెట్ నోట్లో పెట్టుకుని దాంట్లోకి నవ్వేశాడు. ఆ నవ్వే ఆ పాటలో మొదటి ముక్క. నాలుగు నెలలకి ఆ డ్రమ్మువాడు మా ఆయన అయ్యాడు, ఆ నవ్వినవాడు మరిది అయ్యాడు, ఆ నవ్వు సాగి సాగి పాట అయింది. తర్వాత అది పెళ్ళిళ్ళకి ఎర్రగా మోగింది, చావులకి నల్లగా మోగింది. ఎర్రగా వాయిస్తే దాని వెనక నేను పరుగెత్తలేను, నల్లగా వాయిస్తే అడుగుకి అడుగుకి మధ్య పడిపోతాను. నా అడుగుకి సరిపడా దాన్ని ఎవరూ మళ్ళీ వాయించలేదు, మొదటి రోజు తప్ప. విచిత్రం చూడండి, నా నడక మీద పుట్టిన పాట, అరవై ఏళ్ళుగా నేను తప్ప అందరూ దానికి నడిచారు.

అయితే ఇంకా తేల్చేదేముంది. ఈ కుర్చీలో కూర్చుని పదకొండు పాటలూ, కోటి పాటలూ తిరిగి వచ్చింది దీని దగ్గరికే. అచ్చిరాదా. ఆగిపోయిన మిషను అచ్చిరాదని పారేస్తామా, దారం ఎక్కడ తెగిందో చూసి అక్కడి నుంచి కుట్టుకుపోతాం. నన్ను మోసేవాళ్ళు నా నడక నడవాలి. ధమ్, తమ్. కొంచెం ఊగుతుంది, ఊగనీ, డెబ్బై ఎనిమిదేళ్ళు ఊగినదాన్ని ఆ పూట తిన్నగా పడుకోబెట్టి తీసుకెళ్తే మా ఆయన నన్ను గుర్తుపట్టొద్దూ.

మిషను ఆగింది. ఈసారి మళ్ళీ మొదలవలేదు. పింగాణీ గిన్నెలో ఏదో చిన్నది పడిన చప్పుడు, నీళ్ళ చప్పుడు, డాక్టరమ్మ మెల్లగా ఏదో చెప్తోంది, మూతి చేతిలో పెట్టే ఉంటుంది. బుగ్గాయన కూడా దూదిని చేత్తో పట్టుకుని తలుపు వైపే చూస్తున్నాడు. అప్పుడు ఒక చిన్న బుస్. నా చెయ్యి కుర్చీ కింద సంచిని తడిమింది. ఇంకో బుస్. ఆ తర్వాత బాతు అరిచినట్టు క్వాక్ మని ఒకటి. బాతయినా పరవాలేదు, గాలి కాదు, అది గొంతు. తలుపు తెరుచుకుంది. మా మరిది మీసం పైకి దువ్వుకుని నిలబడి ఉన్నాడు, ఆరేళ్ళ తర్వాత చెయ్యి అడ్డం లేకుండా, చేతిలో ఆ నల్ల మూతి. కోపం తెచ్చుకోవాలని చూస్తున్నాడు గాని కొత్త పళ్ళు కోపానికి ఇంకా అలవాటు పడలేదు, నవ్వుతున్నట్టే ఉంది.

"నమలడానికన్నావు కదా వదినా."

"మరి నమిలేది ఎవరు, అరవై ఏళ్ళుగా నా బుర్ర నమలడం లేదూ."

ఆయన ఇంకేదో అనబోయి సంచి చూశాడు, తువ్వాలు చూశాడు, తువ్వాలు కింద ఏముందో చూడకుండానే చూశాడు. వంగి తీసుకున్నాడు. ముక్కలు ఒకదానికొకటి బిగిస్తుంటే, నేను చుట్టిన దారం దగ్గర వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. మైనం వాసన చూశాడు. తల దించుకునే, "అన్నప్పుడు ఆగిపోయింది వదినా" అన్నాడు. తెలుసన్నాను. "మళ్ళీ ఆగితే" అన్నాడు. ఆగితే ఆగనీ, ఇప్పుడే ఆగాలి, నేను ఉండగానే ఆగాలి, అప్పుడైతే తిట్టడానికి నేనుండను అన్నాను. తల ఎత్తాడు.

"ఎర్రగానా, నల్లగానా?"

కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాను. ముందు ఒక పొడుగాటి నడవా ఉంది, నేల నున్నగా ఉంది, చివర అది ఎడమ పక్కకి మలుపు తిరిగి మెట్ల దగ్గరికి పోతుంది. నడిచాను. కుడిది ధమ్, ఎడమది తమ్. మధ్యలో తుంటి ఎగిరే జాగా. వెనకాల ఏమీ వినపడలేదు. ఆరు అడుగులు వేశాను, ఏడు వేశాను, చీటీలు పిలిచే అమ్మాయి "పెద్దమ్మగారూ, ఏమైనా కావాలా" అంది, నాక్కావాల్సింది నా వెనకాల ఉందిలే అన్నాను. ఎనిమిదో అడుగుకి బుస్సుమంది, తొమ్మిదికి బాతు అరిచింది, పదో అడుగు కుడి కాలు పడేసరికి ఆ నవ్వు వచ్చింది. అదే, మింగబోయి మింగలేకపోయిన ఆ నవ్వు, పదిహేడేళ్ళ కుర్రాడిది, కొంచెం వణుకుతూ. నా అడుగు పడినప్పుడే పడుతోంది. ఎర్రగా లేదు, నల్లగా లేదు. పక్క గదుల తలుపులు తెరుచుకున్నాయి, ఎవరో నోట్లో గొట్టంతోనే బయటికి వచ్చి నిలబడ్డారు. బుగ్గాయన చెప్పు నేల మీద పడుతున్న చప్పుడు వినపడింది, ధమ్, తమ్, అచ్చం డ్రమ్ములా కాదు గాని పరవాలేదు. మలుపు వస్తోంది. పాట పైకి ఎక్కే చోటు కూడా వస్తోంది, నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, ఆ చోటికి ముందు ఆయన ఊపిరి పీల్చుకోవడం వినపడింది. ఆ రోజు వీధిలో గిర్రున వెనక్కి తిరిగాను. ఇప్పుడు తిరగలేదు. ఎడమ చెయ్యి గోడకి ఆనించి, పొట్టి కాలు ముందేసి మలుపు తిరిగాను. పాట కూడా తిరిగింది.